తడి గొడుగు, క్లబ్ మిక్స్

పృథ్వీ పాటలన్నీ ఉల్లిపాయల మధ్య పుట్టాయి. తాడేపల్లిగూడెం మార్కెట్లో ఒక హోల్‌సేల్ ఉల్లికొట్టులో అతను గుమాస్తా. కొట్టుకు సెలవు వచ్చిన రోజున గోడౌన్ షట్టరు సగానికి దించి, గోనెసంచుల గుట్టల నడుమ మైకు పెట్టుకుని పాడేవాడు. స్టూడియోకి వెళ్ళే స్తోమత లేదు. ఉల్లి సంచులు గోడౌన్‌లోని ప్రతిధ్వనిని మింగేసి, మాటను శుభ్రంగా మైకుకి అప్పజెప్పేవి. విన్న నలుగురూ "నీ గొంతులో ఆ ఏడుపు జీర భలే ఉందిరా" అనేవారు. ఆ జీర ఉల్లిపాయలదని అతను ఎవరికీ చెప్పలేదు.

సొంతూరు ముదినేపల్లి దగ్గర. తండ్రి వరి పండిస్తాడు. కొడుకు పాటగాడవుతానన్నప్పుడు ఆయన తిట్టలేదు, కొట్టలేదు. "పాడుకో, ఎవరొద్దన్నారు" అని పొలానికి వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేదని పృథ్వీ చాలాసార్లు అనుకున్నాడు. ఎదిరించడానికి ఒక మనిషైనా లేకపోతే కళాకారుడు దేనికి ఆనుకుని నిలబడతాడు? ఏలూరులో డిగ్రీ మధ్యలో వదిలేసినప్పుడూ ఎవరూ అడ్డు రాలేదు. ఈ లోకం అతన్ని తొక్కేయలేదు. తొక్కాలంటే ముందు చూడాలి కదా.

మొత్తానికి ఏడు పాటలతో ఒక ఆల్బం చేసి నెట్‌లో పెట్టాడు. పేరు 'తడి గొడుగు'. మొదటి పాటా అదే. ఒక అమ్మాయి వానలో గొడుగు పట్టుకుని వస్తుంది, బస్సెక్కుతుంది, వెళ్ళిపోతుంది. పల్లవి, మొదటి చరణం అంతవరకే. అసలు సంగతి రెండో చరణంలో ఉంది. ఆ అమ్మాయి గొడుగు మరిచిపోయి వెళ్ళింది. అబ్బాయి దాన్ని చేతిలో పట్టుకుని ఇంటికి నడుస్తాడు. వాన కురుస్తూనే ఉంటుంది. అతను గొడుగు విప్పడు. అంతే. ఆ నాలుగు పాదాల కోసం పృథ్వీ ఒక చలికాలమంతా తిండి సరిగ్గా తినలేదు. తనకంటూ చెప్పడానికి ఏదైనా ఉంటే అది ఆ నాలుగు పాదాల్లోనే ఉందని అతని నమ్మకం.

కానీ ఆ పాటలు పెట్టే యాప్ ఒక దుర్మార్గం చేస్తుంది. ఎంతమంది విన్నారో చెప్పి ఊరుకోదు. ఎంతసేపు విన్నారో కూడా గీత గీసి చూపిస్తుంది. పృథ్వీ గీత పల్లవి దగ్గర కాస్త తలెత్తి, మొదటి చరణంలో కాలువగట్టు మీంచి జారినట్టు జారి, రెండో చరణం రాకముందే నేలకు అంటుకునేది. ప్రపంచంలో ఒక్క మనిషి కూడా అక్కడిదాకా రాలేదు. ఒకసారి తల్లిని కూర్చోబెట్టి వినిపించాడు. మొదటి చరణం అయ్యేసరికి ఆవిడ గోడకు ఆనుకుని నిద్రపోయింది. లేచాక, "ఎంత హాయిగా ఉందిరా నీ పాట, రోజూ పెట్టు" అంది.

ఆ దశలో భానుప్రకాష్ దొరికాడు. డిగ్రీలో క్లాసుమేటు. ఇప్పుడు ఏలూరులో డీజే. ఒక లారీ నిండా సౌండు బాక్సులు పేర్చుకుని పెళ్ళి ఊరేగింపులకీ నిమజ్జనాలకీ తిప్పుతాడు. వాడి లారీ సందులోకి వస్తే కిటికీ అద్దాలు ముందే వణకడం మొదలుపెడతాయి.

"ఒరే, పాటల్లో దమ్ముందిరా. కానీ నడక లేదు," అన్నాడు భానుప్రకాష్. "నాకిచ్చెయ్యి. రీమిక్స్ చేసేద్దాం. ఏడుకి ఏడూ. డాన్స్ మిక్స్, క్లబ్ మిక్స్."

"ఏలూరులో క్లబ్బెక్కడుందిరా?"

"ఉంది కదా, మా నాన్న పేకాడేది."

"అక్కడ డాన్సు చేస్తారా?"

"గెలిచినోడు చేస్తాడు. నీకెందుకూ? బయటికెళ్ళి చూడు, పెద్ద పెద్ద సింగర్లందరూ ముందు మామూలు ఆల్బం, తరవాత క్లబ్ మిక్స్ ఆల్బం. అదీ లెక్క."

వారం తిరిగేసరికి ఏడు పాటలూ వేగం పెంచుకుని వచ్చాయి. పృథ్వీ గొంతు ఎవరో పీక నొక్కిన పిల్లి గొంతులా సన్నబడింది. అడుగున దభీ దభీమని దెబ్బ. మధ్యమధ్యలో సైరను, గుర్రం సకిలింపు. పల్లవి మూడుసార్లు వచ్చింది, తరవాత మళ్ళీ మూడుసార్లు వచ్చింది.

"చరణాలేవిరా?"

"తీసేశాను. చరణాలెవడు వింటాడురా? ఊరేగింపులో పెళ్ళికొడుకు గుర్రమే ఆగదు."

"రెండో చరణమైనా ఉంచాల్సింది."

"అందులో ఏముందీ?" అన్నాడు భానుప్రకాష్. పాటని ముక్కలు ముక్కలుగా కోసినవాడు కూడా రెండో చరణం వినకుండానే కోశాడని పృథ్వీకి అప్పుడు తెలిసింది.

ఆ రీమిక్స్‌ని ఏలూరులో ఒక పెళ్ళి ఊరేగింపులో వేసి చూశారు. డాన్సు చేస్తున్న కుర్రాళ్ళు కాళ్ళు ఆపి లారీ వైపు చూశారు. పెళ్ళికూతురి బాబాయి వచ్చి, "ఏవండీ, ఎవరైనా పోయారా అండీ?" అని మర్యాదగా అడిగాడు. పెన్‌డ్రైవ్ తీసి సౌండు బాక్సు వెనక అరలో పడేశాడు భానుప్రకాష్. పృథ్వీ కథ అక్కడితో అయిపోవాలి. న్యాయంగా అయితే అయిపోయేది కూడా.

పృథ్వీ మేనమామ పాపారావుకి కొల్లేరు అంచున చేపల చెరువులున్నాయి. బొచ్చె, శీలావతి పెంచుతాడు. మేత వేసే పద్ధతి ఆ ప్రాంతంలో అందరిదీ ఒకటే. సంచులకి చిల్లులు పెట్టి, తవుడూ వేరుశనగ చెక్కా నింపి, చెరువులో వరసగా పాతిన కర్రలకి వేలాడగడతారు. పొద్దున్నే ఒక మనిషి పడవ మీద వెళ్ళి ఒక్కొక్క కర్రకీ సంచి కట్టుకుంటూ పోతాడు. చేపలు కిందనుంచి పైకొచ్చి చిల్లుల దగ్గర పొడుచుకు తింటాయి. సరిగ్గా అప్పుడే పక్షులు దిగుతాయి. నీటికాకులు, కొంగలు, తట్టంత నోరున్న గూడబాతులు. పాపారావు టపాకాయలు కాల్చాడు. పక్షుల జోలికి పోవద్దని అధికారులు వచ్చి చెప్పి వెళ్ళారు. డప్పు కొట్టించాడు. దిష్టిబొమ్మ పెట్టించాడు, దాని తలమీద నీటికాకి కూర్చుని రెక్కలు ఆరబెట్టుకుంది. ఆఖరికి భానుప్రకాష్ దగ్గర ఒక సౌండు బాక్సు అద్దెకు తెప్పించాడు. సినిమా పాటలు వేశాడు. పక్షులు విన్నాయి.

ఒక పొద్దున పనివాడెవడో బాక్సు వెనక అరలో పడున్న పెన్‌డ్రైవ్ తీసి గుచ్చాడు. 'తడి గొడుగు, క్లబ్ మిక్స్' మొదలైంది. దభీమని మొదటి దెబ్బ పడి, పృథ్వీ సన్నగొంతు "నీ గొడుగు నీడలో" అని కీచుమనగానే చెరువు మీదున్న పక్షులన్నీ ఒక్క పెట్టున లేచాయి. ఆకాశం కాసేపు నల్లబడింది. గుర్రం సకిలించేసరికి కనుచూపుమేరలో ఒక్క రెక్క లేదు.

పాపారావు అప్పటికప్పుడు తాడేపల్లిగూడేనికి ఫోన్ చేశాడు. "ఒరే పృథ్వీ! నీ పాట హిట్టురా!"

పృథ్వీ చేతిలోని తూకం రాయి జారిపోయింది. "ఎక్కడ మావయ్యా?"

"మన చెరువు మీద!"

వెనకనుంచి అత్త సీతారత్నం గొంతు వినబడింది. "మనుషులు పారిపోతుంటే ఏదోలే అనుకున్నాం. పక్షులు కూడానా?"

కబురు గట్లెంబడి పాకిపోయింది. నెల తిరక్కుండా ఆ చుట్టుపక్కల పొద్దున్నే ఏ చెరువు మీద విన్నా అదే పాట. ఒక గట్టు మీద మొదటి పాట, పక్క గట్టు మీద నాలుగో పాట, రెండూ గాలిలో కొట్టుకుని మూడో గట్టు మీద పడేవి. ద్వారకా తిరుమల వెళ్ళే భక్తుల బస్సులో ఒకాయన ఫోన్ మోగితే అదే పాట అని ఎవరో చెప్పారు. ఆయనకి నాలుగు చెరువులున్నాయట. సెల్ షాపుల్లో 'పిట్టల పాటలు కావాలండీ' అంటే మెమొరీ కార్డులో ఎక్కించి ఇచ్చేవారు. పాడిందెవరో ఎవరికీ తెలియదు. పృథ్వీ ఒకసారి అడిగి చూశాడు.

"ఎవరు పాడారండీ ఇది?"

"ఎవరో పాడుంటార్లెండి," అన్నాడు షాపతను. "పాపం ఏ బాధలో ఉన్నాడో."

చేపల రైతులంతా కలిసి ఏలూరులో ఒక కల్యాణమండపంలో సభ పెట్టుకున్నారు. మేనమామ పట్టుబట్టి మేనల్లుడికి సన్మానం ఏర్పాటు చేయించాడు. పృథ్వీ కొత్త చొక్కా వేసుకుని వెళ్ళాడు. దారి పొడుగునా బస్సులో ఒకటే ఆలోచన. ఇంతమంది మనుషులు, కుర్చీల్లో కూర్చుని ఉంటారు, చేతిలో మైకు ఉంటుంది. అసలు పాట పాడాలి. అసలు వేగంలో. రెండో చరణం దాకా. ఆ తరవాత లోకం ఏమైపోయినా ఫరవాలేదు.

శాలువా కప్పారు. ఇత్తడి శీలావతి చేపను జ్ఞాపికగా ఇచ్చారు. సభాధ్యక్షుడు, "ఈ కుర్రాడు గొంతెత్తితే జీవరాశి నిలవదు, అంతటి ప్రతిభ" అన్నాడు. చప్పట్లు. పృథ్వీ మైకు అందుకుని, "ఇది నా పాట. అసలు పాట ఇలా ఉంటుందండీ" అని కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు.

పల్లవి అయింది. హాలు నిశ్శబ్దంగా ఉంది. పృథ్వీ ఒళ్ళు పులకరించింది. మొదటి చరణం అయింది. ఇంకా నిశ్శబ్దం. ఊపిరి తీసుకుని రెండో చరణం ఎత్తుకోబోతూ కళ్ళు తెరిచాడు. హాల్లో ఎవరూ లేరు. వెనక డైనింగు హాల్లో బిర్యానీ గిన్నె మూత తీశారు. ముందు వరసలో ఒక్క పాపారావు మాత్రం ఉన్నాడు. ఆయన ఫోన్‌లో మేత రేటు మాట్లాడుతున్నాడు.

"దా రా, ముక్కలు అయిపోతాయి," అన్నాడు మేనమామ ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి.

తరవాత జరిగిన తప్పు పృథ్వీది కాదు, పక్షులదీ కాదు. చెరువుల వాళ్ళదే. పక్షులు మేత వేళకే వస్తాయి కనక పాట కూడా మేత వేళకే వేసేవారు. ఖర్చు కలిసొస్తుందని మిగతా వేళల్లో బాక్సు కట్టేసేవారు. ప్రతి పొద్దునా దభీమని దెబ్బ, వెంటనే సంచి. దభీ, సంచి. చేపలకి చదువు లేకపోవచ్చు కానీ ఆకలి ఉంది. కొన్నాళ్ళకి పాట మొదలవగానే, సంచి ఇంకా పడవలో ఉండగానే, చెరువు చెరువంతా చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని ఎగరడం మొదలుపెట్టాయి. "ఫ్యాన్సురా నీకు! చూడు, ఎలా ఎగురుతున్నాయో," అని పాపారావు వీడియో తీసి పంపించాడు. పృథ్వీ ఆ వీడియో చూశాడు. నిజంగానే తాళానికి ఎగురుతున్నాయి.

చేపలు నేర్చుకున్న సంగతిని పక్షులు కూడా గమనించాయి. గుర్రం సకిలింపుకి భయపడి పారిపోయిన గూడబాతులే ఇప్పుడు సకిలింపు వినబడగానే కొల్లేరు అవతలి ఒడ్డునుంచి బయల్దేరి వచ్చేవి. పాట ఎంత గట్టిగా పెడితే అంత దూరం నుంచి వచ్చేవి. ఏ చెరువు మీద పాట మొదలైతే ఆ చెరువు మీదికి, వరసలు కట్టి, పెళ్ళి భోజనానికి వచ్చినట్టు. పాట ఆపేశారు. ఆపేస్తే చేపలు పైకి రావడం మానేశాయి. సంచులు వేలాడుతున్నాయి, తవుడు నానిపోతోంది, చేపలు అడుగున పడుకుని పాట కోసం ఎదురుచూస్తున్నాయి. వేస్తే పక్షులు తింటాయి. వెయ్యకపోతే చేపలు తినవు.

శాలువా కప్పిన వాళ్ళే తాడేపల్లిగూడెం ఉల్లికొట్టు దగ్గరికి రెండు కార్లలో వచ్చారు.

"ఏం బాబూ, ఇదేనా నువ్వు చేసింది?" అన్నాడు సభాధ్యక్షుడు. గోదావరి మనుషులు కోపంలో కూడా గొంతు పెంచరు. అదే భయంగా ఉంటుంది. "మా చేపల్ని పాడు చేసేశావు కదయ్యా."

"నేనేం చేశానండీ? నా పాట అది కాదండీ. నా పాట నెమ్మదిగా ఉంటుందండీ."

"ఏదైనా మీ గొంతే కదండీ," అన్నాడు ఇంకొకాయన. "మా బొచ్చెలు మీ గొంతుకి అలవాటు పడిపోయాయండీ. మరి వాటికి మీరే చెప్పాలి."

కొట్టు యజమాని ఈ మాటలన్నీ విని, చేపల గొడవ ఉల్లిపాయలకి అంటుకుంటుందేమోనని ఆ సాయంత్రమే పృథ్వీకి లెక్క తేల్చి పంపేశాడు. అలా అతను బట్టల సంచీతో, ఇత్తడి శీలావతితో మేనమామ చెరువు గట్టు మీదికి చేరాడు. ఆల్బం రాక ముందు కనీసం ఉద్యోగం ఉండేది.

షెడ్డులో పాపారావు తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు. సీతారత్నం అన్నం పెడుతూ అంది, "అది మొదట పాడిందేదో ఉంది కదరా, నిద్రొచ్చే పాట. అది ఓసారి పెట్టు."

"ఎందుకత్తా, నవ్వడానికా?"

"పెట్టరా అంటే."

ఫోన్‌లో పెట్టాడు. పాపారావు అన్నం ముద్ద చేతిలో ఉంచుకుని కాసేపు విన్నాడు. తరవాత లేచి గట్టు మీద పది అడుగులు వేసి నిలబడ్డాడు. ఇంకో పది అడుగులు వేసి అక్కడున్న చింతచెట్టు దాటాడు. తిరిగొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"ఒరే! వినబడట్లేదురా!"

"అంటే?"

"చింతచెట్టు దాటితే నీ పాట వినబడట్లేదు! ఆ దభీ దభీ అయితే అవతలి ఒడ్డుకి పోతుంది, పక్షుల్ని పిలుచుకొస్తుంది. ఇది గట్టు కూడా దాటదురా! అదే దీని గొప్ప!"

ఎవరికీ వినబడకపోవడమే పృథ్వీ పాటకి ఇన్నాళ్ళుగా ఉన్న జబ్బు. అదే ఇప్పుడు అర్హత అయింది. చేపల్ని ఆ గొంతుకే, నెమ్మది పాటకి అలవాటు చేస్తే చాలు. బాక్సు అక్కర్లేదు. మనిషే పడవెక్కి పాడితే ఇంకా మంచిది, నీళ్ళకి దగ్గర. జీతం ఇస్తానన్నాడు మేనమామ. పని పేరు ఏం రాసుకోవాలో తోచక మేత కూలీల్లో రాసుకున్నాడు.

మర్నాటినుంచి పృథ్వీ పొద్దున్నే పడవలో సంచుల మీద కూర్చునేవాడు. పడవ నడిపి సంచులు కట్టే మనిషి వెంకట్రాజు. నడివయసు దాటినవాడు, మాట తక్కువ. గెడ వేసి పడవ తోస్తాడు, కర్ర దగ్గర ఆపుతాడు, సంచి కడతాడు, మళ్ళీ గెడ వేస్తాడు. మొదటి రోజున పల్లవి పాడి ఆపేసరికి పాపారావు గట్టు మీంచి కేకేశాడు.

"ఆపావేంట్రా? సగం కర్రలే అయ్యాయి!"

"పల్లవి అయిపోయింది మావయ్యా!"

"ఇంకా లేదా పాట?"

"ఉంది మావయ్యా! చరణాలున్నాయి!"

"మరి పాడు! ఆఖరి సంచి దాకా పాడు!"

ఒక వరస సంచులు కట్టడానికి సరిగ్గా రెండు చరణాలూ పట్టేవి. పృథ్వీ పాడాడు. లోకంలో మొదటిసారి రెండో చరణం గాలిలోకి వెళ్ళింది. ఆ అబ్బాయి గొడుగు పట్టుకుని నడుస్తున్నాడు, వాన కురుస్తోంది, అతను విప్పలేదు. పాట అయిపోయింది. నీళ్ళలో ఒక బొచ్చె తోక కొట్టింది. వెంకట్రాజు ముడి బిగించి, చెయ్యి లుంగీకి తుడుచుకుని, గెడ అందుకున్నాడు.

తరవాతి రోజులూ అంతే. చేపలు మెల్లమెల్లగా దారికొచ్చాయి. రెండో వారానికి పల్లవి మొదలవగానే నీటి మీద మూతులు కనబడ్డాయి, ఎగరలేదు, మర్యాదగా వచ్చి తిన్నాయి. ఆకాశంలో గూడబాతులు పక్క చెరువుల మీదికి పోతున్నాయి. పాపారావు ఆనందానికి హద్దు లేదు. చుట్టుపక్కల చెరువుల వాళ్ళు కూడా మనిషిని పంపమని కబుర్లు పెడుతున్నారు. పృథ్వీ మాత్రం రోజురోజుకీ చిక్కిపోయాడు. చేపలకి చెవులుండవని ఎక్కడో చదివాడు. ఉన్నా, అవి రెండో చరణానికి రావట్లేదు, తవుడుకి వస్తున్నాయి. వెంకట్రాజుకి చెవులున్నాయి. కానీ ఆ మనిషి మొహం చూస్తే ఆ చెవులు లోపలికి వెళ్తాయన్న నమ్మకం కలగదు.

ఒక మబ్బు పట్టిన పొద్దున అతనికి విసుగు తలకెక్కింది. మబ్బు రోజున చేపలు సరిగా తినవని మేత తక్కువ వేయమన్నారు, కర్రలు తొందరగా అయిపోయాయి. మొదటి చరణంతో ఆపేసి, సంచి మీద వెనక్కి వాలి, కళ్ళ మీద చెయ్యి వేసుకున్నాడు. పడవ ఒడ్డు వైపు కదలాలి. కదల్లేదు.

"ఏంటండీ?" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

"రెండోది పాడలేదేంటండీ అబ్బాయిగారూ?" అన్నాడు వెంకట్రాజు.

పృథ్వీ చెయ్యి తీసి చూశాడు. వెంకట్రాజు గెడని బురదలో గుచ్చి, దాన్ని పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మేత అయిపోయింది కదండీ."

"మేత సంగతి కాదండీ. నేనొకటి అడుగుదామనుకుంటన్నాను, రోజూ." ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఆ అబ్బాయి చేతిలో గొడుగుంది కదండీ?"

పృథ్వీ లేచి కూర్చున్నాడు. "ఉంది."

"వాన పడతంది కదండీ?"

"పడుతోంది."

"మరి విప్పడేంటండీ?"

చెరువు మధ్యలో పడవ కొద్దిగా ఊగింది. ఒక చలికాలమంతా తిండి మాని రాసిన నాలుగు పాదాల ఎదుట ఎట్టకేలకు ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు, కోపంగా.

"అది ఆ అమ్మాయి గొడుగండీ," అన్నాడు.

"అయితే? గొడుగు గొడుగే కదండీ. ఆ అమ్మాయి ఏవన్నా అంటదా? బస్సెక్కి పోయింది కదా."

"అందుకే విప్పడండీ. ఆ అమ్మాయి మడిచినట్టే ఉండాలని."

"ఇదేం పనండీ? రోజూ చూస్తన్నాను. రోజూ తడిసి ముద్దైపోతన్నాడు. మొన్న నిజంగా వానొచ్చింది కదండీ, నేను సంచి గొంగళి చేసి కప్పుకున్నాను. అప్పుడనిపించింది, వీడికేం రోగం, చేతిలో గొడుగెట్టుకుని అని."

"మీకు అర్థం కాలేదండీ వెంకట్రాజుగారూ," అన్నాడు పృథ్వీ. గొంతు పెరిగింది. తన జీవితంలో అతను ఎవరితోనూ ఇంత గట్టిగా మాట్లాడలేదు. "విప్పితే పాటే లేదు!"

"పాట లేకపోతే మానె, మనిషి బాగుండాలి కదండీ!"

"బాగుండక్కర్లేదు!"

"ఎందుకక్కర్లేదండీ? కన్నోళ్ళు లేరా వాడికి?"

గట్టు మీంచి పాపారావు కేకలు వేస్తున్నాడు. ఏమైందిరా, పడవ ఇరుక్కుందా, పక్షులొస్తాయి తొందరగా రండి. ఇద్దరిలో ఎవరూ అటు చూడలేదు. సన్నగా చినుకు మొదలైంది. చెరువంతా చుక్కలు పడుతున్నాయి.

"ఆ ముక్క మార్చెయ్యండి," అన్నాడు వెంకట్రాజు, ఆఖరి మాటగా. "ఆఖర్న విప్పినట్టు పెట్టండి."

"మార్చను."

"మార్చరా?"

"చచ్చినా మార్చనండీ."

"అయితే రేపు కూడా తడుస్తాడన్నమాట."

"తడుస్తాడు."

వెంకట్రాజు బురదలోంచి గెడ పీకాడు. ఒడ్డు వైపు ఒక తోపు తోసి, ఇంకో తోపు తోసి, తల అడ్డంగా ఆడించాడు.

"జలుబు చేసేస్తదండీ ఆ అబ్బాయికి," అన్నాడు.